పట్టేసిన బోల్టు

కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. ఆ ఘాట్ దిగే ప్రతి బండీ తాను ఎక్కిన ఎత్తుకు లెక్క అప్పజెప్పాల్సిందే. సరుకుతో కలిపి 3 టన్నులు తూగే పికప్ బండి 100 మీటర్ల ఎత్తు దిగిందనుకుందాం. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి దాదాపు 29 లక్షల జౌళ్లు. అంత వేడి పెడితే 10 లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి మరిగే దాకా వస్తాయి. గేరు కొంత ఆపుతుంది, గాలి కొంత ఆపుతుంది. మిగిలినదంతా మింగాల్సింది బ్రేకులే.

అందులో ఎక్కువ వాటా ముందు చక్రాలది. బ్రేకు తొక్కినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆ భారం వాటి మీద పడుతుంది. పికప్ బండ్లలో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులుంటాయి. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు పక్కల నుంచీ ప్యాడ్లతో అదిమి పట్టే పోత ఇనుప దిమ్మె పేరు కాలిపర్. అది కూర్చునే బ్రాకెట్టును, చక్రాన్ని మోసే స్టీరింగ్ నకుల్‌కు కట్టిపడేసేవి రెండంటే రెండు బోల్టులు. ఘాట్ మలుపులో నిండు బండి ఆగుతుందా లేదా అన్నది చివరికి వాటి పట్టు మీద ఆధారపడుతుంది.

పట్టు మంచిదే. కానీ ప్యాడ్లు అరిగాక, డిస్కు మార్చాల్సి వచ్చాక అదే పట్టు మొండికేస్తుంది. "కదల్లేదన్నా, పట్టుకోనుండాది" అంటాడు షెడ్డులో కుర్రాడు. "ఆగబ్బీ, ఊరికే బలం పెట్టొద్దు" అంటాడు మేస్త్రి. మేస్త్రి మాటలో చాలా భౌతికశాస్త్రం ఉంది, కొంత రసాయనశాస్త్రమూ ఉంది. ఈ అధ్యాయం దాని గురించే.

ముందుగా ఒక సంగతి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల నుంచి నాపరాళ్లు, మంగంపేట నుంచి ముగ్గురాయి, ఎర్రగుంట్ల నుంచి సిమెంటు మోసే పెద్ద లారీల్లో చాలావాటికి గాలితో పనిచేసే డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. కాలిపర్ కనిపించేది ఎక్కువగా చిన్న లారీల్లో. 2005లో టాటా ఏస్ వచ్చాక ఇలాంటి చిన్న బండ్లు పల్లెపల్లెకూ చేరాయి. కర్నూలు మార్కెట్‌కు ఉల్లి, పత్తికొండకు టమాటా, పులివెందుల తోటల నుంచి చీనీ కాయలు వీటి మీదే కదులుతాయి. పెద్ద లారీ చక్రం నట్టు పట్టేసినా, చిన్న లారీ కాలిపర్ బోల్టు పట్టేసినా లోపల జరిగేది ఒకటే.

చుట్టిన ఘాట్ రోడ్డు

12 మిల్లీమీటర్ల మామూలు బోల్టు తీసుకుందాం. దాని మర ఒక చుట్టు తిరిగితే 1.75 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. ఆ చుట్టును విప్పి చాపితే పొడవు దాదాపు 34 మిల్లీమీటర్లు. అంటే 20 అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కే వాలు. కొండ ప్రాంతపు రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించే వాలు కూడా సరిగ్గా 20కి 1. బోల్టు మర అంటే ఇనుప కడ్డీ చుట్టూ చుట్టిన ఘాట్ రోడ్డే.

రోడ్డు మీద చక్రాలకు అడ్డం రాయి పెట్టకపోతే బండి జారుతుంది. మర మీద మాత్రం నట్టు తనంతట తాను జారదు. ఇనుము మీద ఇనుము రాపిడి అంత ఎక్కువ. జారాలంటే వాలు 6కు 1ని మించాలి. 1699లో ఫ్రెంచి శాస్త్రవేత్త అమోంతో ఘర్షణకు ఒక సూత్రం చెప్పాడు: రెండు తలాలను ఎంత బరువుతో అదిమితే ఘర్షణ అంత పెరుగుతుంది. బోల్టు విషయంలో ఆ అదుము ఎక్కడిది? బోల్టు సాగడం వల్ల వచ్చింది. బిగించేకొద్దీ దాని కాండం వెంట్రుకవాసి కన్నా తక్కువగానైనా సాగుతుంది. స్ప్రింగులా వెనక్కు లాగుతూ రెండు దిమ్మెలను అదిమి పెడుతుంది. తల మీద 8.8 అని ముద్రించిన 12 మిల్లీమీటర్ల బోల్టును సరిగ్గా బిగిస్తే అది దాదాపు 4 టన్నుల బరువుతో అదుముతుంది. చిటికెన వేలంత ఉక్కుముక్క, బండి మొత్తం బరువు కన్నా ఎక్కువ పట్టు.

ఆ పట్టు రావడానికి మనం పానా మీద పెట్టే శ్రమలో ఎంత అసలు పనికి వస్తుంది? సుమారు పదో వంతు. దాదాపు సగం బోల్టు తల కింది రాపిడికి పోతుంది, 40 శాతం మర రాపిడికి పోతుంది. మిగిలిన 10 శాతమే బోల్టును సాగదీస్తుంది. విప్పేటప్పుడు కూడా మనం పోరాడేది ప్రధానంగా రాపిడితోనే. ఈ లెక్క గుర్తుంటే ఒక సంగతి తెలుస్తుంది. రాపిడి కొంచెం పెరిగినా విప్పడానికి కావాల్సిన బలం బాగా పెరుగుతుంది. రాపిడి కొంచెం తగ్గించినా పని తేలికవుతుంది.

ఎండుసీమలో తుప్పెక్కడిది?

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏడాదికి కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటడం మామూలే. ఇంత పొడి నేలలో ఇనుము తుప్పు పట్టడం తక్కువే ఉండాలి కదా? బయట పెట్టిన శుభ్రమైన ఇనుప రేకు విషయంలో అది నిజం. గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటే దాకా ఇనుము మీద తుప్పు చాలా నెమ్మదిగా సాగుతుందని ఇంగ్లండులో వెర్నన్ అనే శాస్త్రవేత్త గత శతాబ్దం తొలి సగంలో ప్రయోగాలతో చూపించాడు. మన వేసవి మధ్యాహ్నాలు ఆ గీతకు చాలా కింద ఉంటాయి.

కానీ కాలిపర్ బోల్టు బతికే వాతావరణం వేరు. సాయంత్రం బండిని బోరు నీళ్లతో కడుగుతారు. ఈ సీమ బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువ. పాత్రలో కాచితే అడుగున తెల్లగా పేరుకునే పొర ఆ లవణాలదే. నీళ్లు మర సందుల్లోకి దూరతాయి. మరునాడు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేడికి నీళ్లు ఆవిరవుతాయి, లవణం మిగిలిపోతుంది. మళ్లీ కడుగుతారు, మళ్లీ మిగులుతుంది. రోజురోజుకూ సందులో ఉప్పు చిక్కబడుతుంది. ఉప్పున్న చోట తుప్పుకు 60 శాతం తేమ కూడా అక్కర్లేదు. ఉప్పు గాలిలోని తేమను తానే లాక్కుంటుంది. కృష్ణపట్నం వైపో, మద్రాసు వైపో లోడు వేసుకుని పోయొచ్చిన బండికి సముద్రగాలి ఉప్పు అదనం. ఎప్పుడూ తడిగా ఉండే ఇనుము కన్నా, తడుస్తూ ఆరుతూ ఉండే ఇనుము త్వరగా పాడవడం తరచూ కనిపిస్తుంది. తడిలో ఉప్పు కదులుతుంది, ఆరేటప్పుడు గాలి బాగా అందుతుంది.

సందులో ఇంకో తమాషా జరుగుతుంది. 1920లలో కేంబ్రిడ్జిలో యు.ఆర్. ఎవాన్స్ ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు వేసి గమనించాడు. బొట్టు అంచుల్లో గాలి బాగా అందుతుంది, నడిమధ్యన అందదు. ఇనుము కరిగేది మాత్రం గాలి అందని నడిమధ్యనే. కరిగిన ఇనుము అంచుల వైపు వచ్చి అక్కడ తుప్పు వలయంగా పేరుకుంటుంది. బోల్టు మర కూడా అంతే. గాలి అందని లోపలి చుట్లలో ఇనుము తినుకుపోతుంది, బయటి చుట్ల దగ్గర తుప్పు గట్టిపడుతుంది. అందుకే పైకి తుప్పు కొంచెమే కనిపించినా లోపల చాలా జరిగి ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. తుప్పుగా మారిన ఇనుము అంతకు ముందున్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. తుప్పు రకాన్ని బట్టి ఇది రెండు నుంచి ఆరు రెట్లు. మర సందులో అంత చోటు లేదు. కాబట్టి తుప్పు అన్ని వైపులా నొక్కుకుంటూ తనకు తానే చీలలా బిగుసుకుంటుంది. దీనికి తోడు నాపరాతి ధూళి, సిమెంటు ధూళి వానలో తడిసి మరల చివర్లో గట్టి పెళ్లలా అతుక్కుంటాయి. అదీ గాక కొన్ని బోల్టులకు ఫ్యాక్టరీలోనే మర జారకుండా ఒక రకం గమ్ము పూసి బిగిస్తారు. అది ప్లాస్టిక్కులా గట్టిపడుతుంది.

అంటే పట్టేసిన బోల్టును పట్టుకున్నది ఒకటి కాదు. సాగిన ఉక్కు ఒకటి, ఉబ్బిన తుప్పు ఒకటి, గట్టిపడిన ధూళో గమ్మో ఇంకొకటి. ఒక్కొక్కదానికి వేరు వేరు విరుగుడు కావాలి. పైపు వేసి లాగడం వీటిలో మొదటిదానికే పనికొస్తుంది. బలం పెట్టొద్దని మేస్త్రి అనేది అందుకే.

నూనెకు టైమివ్వాలి

మొదటి పని బోల్టును పూర్తిగా చూడటం. బ్రాకెట్ బోల్టు చాలాసార్లు నకుల్ అవతలి వైపు నాలుగైదు చుట్లు బయటికి పొడుచుకుని ఉంటుంది. అనుభవం లేనివాళ్లు బోల్టు తల వైపే చూస్తారు. విప్పేటప్పుడు ఆ బయటి చుట్ల మీదున్న తుప్పు, మట్టి మొత్తం లోపలి మర గుండా ప్రయాణించి రావాలి. దారిలోనే ఇరుక్కుంటుంది. కాబట్టి తీగ బ్రష్షు పట్టుకుని ముందు ఆ తోకను తెల్లగా గీకాలి. ఐదు నిమిషాల పని. చాలా బోల్టులు విరగకుండా బయటపడేది ఇందువల్లే.

ఆ తరువాత చొచ్చుకుపోయే నూనె. షెడ్లలో కిరోసిన్ వాడతారు, డీజిల్ వాడతారు, స్ప్రే డబ్బాలు కొంటారు. అందరికీ తెలిసిన డబ్ల్యుడీ-40 పుట్టింది 1953లో, అమెరికాలోని శాన్ డియేగోలో. నీటిని తరిమి, రాకెట్లకు తుప్పు పట్టకుండా చేయడం దాని మొదటి పని. ఏ నూనె వాడినా అది సందులోకి పోయేది కేశనాళిక చర్య వల్ల, అంటే దీపపు వత్తిలో నూనె పైకి ఎక్కే తీరునే. ఎంత లోతుకు పోతుందో 1921లో వాష్‌బర్న్ అనే అమెరికన్ లెక్క కట్టాడు. లోతు కాలంతో సమంగా పెరగదు. లోతు రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల టైము కావాలి.

ఈ సూత్రాన్ని మన బోల్టుకు పెట్టి చూద్దాం. నూనె మొదటి మిల్లీమీటరు దిగడానికి 10 నిమిషాలు పట్టిందనుకుందాం. 12 మిల్లీమీటర్లు దిగాలంటే 144 రెట్లు, అంటే 1,440 నిమిషాలు. ఒక రోజు. అదే రెండు వైపుల నుంచీ నూనె పోస్తే ఒక్కో వైపు 6 మిల్లీమీటర్లే దిగాలి. 36 రెట్లు, 6 గంటలు. రాత్రి నూనె పోసి పొద్దున విప్పమనడం సోమరితనం కాదు. అవతలి వైపు కూడా పోయమనడం చాదస్తం కాదు. రెండూ లెక్క ప్రకారం సరైనవే.

ఒక హెచ్చరిక. నూనె బొట్టు ప్యాడు మీద గానీ డిస్కు మీద గానీ పడితే బ్రేకు పట్టదు. కాలిపర్ పిస్టన్ సీలు, కాలిపర్ జారే గైడ్ పిన్నుల రబ్బరు తొడుగులు బ్రేక్ ఆయిల్‌ను తట్టుకునే రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరు పెట్రోలియం నూనెలకు ఉబ్బి పాడవుతుంది. కాబట్టి నూనె సన్నని గొట్టంతో మర దగ్గరే పోయాలి. పారబోయకూడదు.

దెబ్బకు ఉన్న గుణం

ఉక్కుకూ తుప్పుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఉక్కు వంగుతుంది, సాగుతుంది. తుప్పు పగులుతుంది. ఈ తేడాను వాడుకునే పనిముట్టు సుత్తి.

కిలో బరువున్న సుత్తి సెకనుకు 5 మీటర్ల వేగంతో బోల్టు తల మీద పడి సగం మిల్లీసెకనులో ఆగిందనుకుందాం. ఆ క్షణంలో తల మీద పడే బలం 10,000 న్యూటన్లు. అంటే దాదాపు ఒక టన్ను. ఉక్కుకు అది పెద్ద దెబ్బ కాదు. కానీ దెబ్బ తరంగంలా మర గుండా పోతుంది. పొడి తుప్పులో సన్నని బీటలు పుడతాయి. ఆ బీటల్లోకి నూనె దూరుతుంది. అందుకే నూనె పోయడం, తట్టడం, మళ్లీ నూనె పోయడం అన్న వరుస. మర వంకరపోకుండా తలకు నేరుగా, తల నడిమధ్యన కొట్టాలి.

తరువాత పానా. ఆరు మూలల బాక్సు పానానే వాడాలి. పన్నెండు మూలల పానా బోల్టు మూలల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది. మూలలు గుండ్రమైపోతే ఇక పట్టు దొరకదు. పానా తల మీద పూర్తిగా కూర్చుందా లేదా చూసుకుని ముందుగా బిగింపు వైపే కొద్దిగా తిప్పాలి. విప్పాల్సినదాన్ని బిగించమనడం వింతగా తోస్తుంది. కానీ తుప్పు పొర ఏ వైపు కదిలినా పగులుతుంది. నిలకడగా ఉన్నదాన్ని కదిలించే రాపిడి కన్నా, కదులుతున్నదాని రాపిడి తక్కువ. ఒకసారి "టక్" మని వదిలితే ముందుకు పావు చుట్టు, వెనక్కు పావు చుట్టు, మధ్యలో నూనె. ఇలా వచ్చే బోల్టు మరకు హాని లేకుండా వస్తుంది.

పైపు ఎప్పుడు? మన 12 మిల్లీమీటర్ల బోల్టును బిగించేది సుమారు 90 న్యూటన్ మీటర్ల బలంతో. పావు మీటరు పానా మీద అది 37 కిలోల తోపు. ఒక మీటరు పైపు వేస్తే 9 కిలోలు చాలు. కానీ 70 కిలోల మనిషి ఆ పైపు చివర వేలాడితే బోల్టు మీద పడేది దాదాపు 690 న్యూటన్ మీటర్లు. ఆ బోల్టు కాండం అందులో నాలుగో వంతుకే తెగిపోవచ్చు. పైపు పట్టుకున్న చేతికి ఒక సంకేతం అందుతుంది. పెట్టే బలం పెరగకుండానే పానా మెత్తగా తిరుగుతుంటే, "కిర్రు" శబ్దం లేకుండా ఉంటే, తిరుగుతున్నది మర కాదు, బోల్టు మెడ మెలి తిరుగుతోంది. అక్కడే ఆగాలి. ఆ తేడాను చేతితో పట్టగలిగినవాడే మెకానిక్. 

బండి చక్రం నేర్పిన పాఠం

నూనె, దెబ్బ రెండూ చాలనప్పుడు వేడి. ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. బోల్టు చుట్టూ ఉన్న ఇనుమును వేడి చేస్తే అది అన్ని వైపులకూ వ్యాకోచించి రంధ్రాన్ని ఇంకా మూసెయ్యదా? మూసెయ్యదు. రంధ్రం కూడా పెద్దదవుతుంది. ఇది రాయలసీమ పల్లెల్లో ఎద్దులబండి చక్రాలు చేసిన వడ్రంగికీ, కమ్మరికీ తరతరాలుగా తెలుసు. చక్రం కన్నా కాస్త చిన్నదిగా చేసిన ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. అది వెడల్పవుతుంది. పటకార్లతో ఎత్తి కొయ్య చక్రం మీద పెట్టి నీళ్లు చల్లుతారు. పట్టా ముడుచుకుని చక్రాన్ని బిగించేస్తుంది. వేడికి ఇనుప వలయం లోపలి ఖాళీ కూడా పెరుగుతుందనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు ప్రయోగశాలలో దొరకదు.

బోల్టుకు లెక్క ఇది. ఇనుము ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో 10 లక్షల్లో 12 వంతులు పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల రంధ్రం చుట్టూ ఇనుమును 200 డిగ్రీలు ఎక్కువ వేడి చేస్తే రంధ్రం మిల్లీమీటరులో దాదాపు 3 వందో వంతులు పెద్దదవుతుంది. కంటికి కనపడని ఖాళీ. కానీ తుప్పు చీలను వదులు చేయడానికి అది చాలు. అసలు కిటుకు వేడి పెట్టే చోటులో ఉంది. మంట బోల్టు మీద కాదు, చుట్టూ ఉన్న నకుల్ మీద పెట్టాలి. రెండూ సమంగా వేడెక్కితే ఆ ఖాళీ రాదు. గమ్ము పూసిన బోల్టులకు వేడి తప్పదు. గట్టి రకం గమ్ము 250 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఆ వేడి మీద కొవ్వొత్తి మైనాన్ని మరకు తాకిస్తే కరిగి లోపలికి పోయి జారుడు నూనెలా పనిచేస్తుంది.

మంట దగ్గర జాగ్రత్త కూడా అంతే ముఖ్యం. బ్రేక్ ఆయిల్ మండుతుంది. డాట్ 3 రకం 205 డిగ్రీలకే మరుగుతుంది. కాబట్టి మంట పెట్టే ముందు గైడ్ పిన్నులు విప్పి కాలిపర్‌ను పక్కకు తీసి తీగతో కట్టాలి. బ్రేకు గొట్టం మీద వేలాడదీయకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను దెబ్బ తీస్తుంది. 8.8 రకం బోల్టులను తయారీలో కనీసం 425 డిగ్రీల దగ్గర పదును పెడతారు. ఇనుము ఎర్రబడే దాకా కాల్చితే ఆ పదును పోతుంది. అలా కాలిన బోల్టును మళ్లీ బిగించకూడదు. నకుల్ కూడా ఎర్రబడే దాకా కాల్చకూడదు, బండి బరువు మోసేది అదే.

ఇవన్నీ చేసే ముందు బండి నేల మీద గట్టిగా నిలబడి ఉండాలి. వెనక చక్రాలకు అడ్డం పెట్టాలి, జాకీతో పాటు స్టాండు పెట్టాలి. పైపు మీద బలంగా లాగుతున్నప్పుడు బండి ఊగుతుంది. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం.

బిగించేటప్పుడే విప్పడం మొదలవుతుంది

విప్పిన బోల్టును తీసి చూస్తే కొన్ని చుట్లు సన్నబడి, కొన్ని ఎర్రటి పొడితో నిండి ఉంటాయి. ఆ బోల్టు ధర వంద రూపాయల లెక్కలో ఉంటుంది. దాన్ని మళ్లీ వాడటం బేరం కాదు. కొత్తది వేయాలి. నకుల్ లోపలి మరను, మర కోసే ట్యాపుతో శుభ్రం చేయాలి. తరువాత టార్క్ పానాతో, కంపెనీ చెప్పిన బలంతోనే బిగించాలి. ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మళ్లీ పట్టేయకూడదని మరకు గ్రీజు పూసి, పాత బలంతోనే బిగిస్తారు. రాపిడి తగ్గింది కాబట్టి ఆ బలంలో ఎక్కువ వాటా బోల్టును సాగదీస్తుంది. బోల్టు హద్దు దాటి సాగొచ్చు. గ్రీజు వాడాలో వద్దో కంపెనీ పుస్తకం చెబుతుంది, దాన్నే పాటించాలి.

గైడ్ పిన్నుల సంగతి వేరు. అవి జారుతూ ఉండాల్సినవి. అవి పట్టేస్తే కాలిపర్ ఒకవైపే నొక్కుతుంది. లోపలి ప్యాడు బయటిదాని కన్నా త్వరగా అరుగుతుంది. బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. వాటికి వేడిని తట్టుకునే, రబ్బరును పాడు చేయని బ్రేకు గ్రీజు మాత్రమే పూయాలి. చిరిగిన రబ్బరు తొడుగు మార్చాలి. బోరు నీళ్లు లోపలికి పోయేది ఆ చిరుగు గుండానే.

ఈ అధ్యాయంలో అమోంతో సూత్రం వచ్చింది, వాష్‌బర్న్ లెక్క వచ్చింది, ఎవాన్స్ బొట్టు వచ్చింది. కర్నూలు, కడప హైవేల పక్కన రేకుల షెడ్లలో పనిచేసేవాళ్లు ఈ పేర్లు వినకపోయినా, వాటిలోని సారాన్ని చేతుల్లో పెట్టుకుని తిరుగుతున్నారు. రాత్రంతా నాననిచ్చేవాడు, అవతలి వైపు గీకేవాడు, చుట్టూ ఇనుమును కాల్చేవాడు శాస్త్రం ఆచరిస్తున్నవాడే. ఆ ఆచారాలకు కారణాలు తెలిస్తే మేలు ఇంకా పెరుగుతుంది. కారణం తెలిసినవాడు ఏ పద్ధతి ఎప్పుడు పనిచేయదో కూడా చెప్పగలడు, కొత్త రకం బోల్టు ఎదురైనా తడబడడు. పాలిటెక్నిక్ పుస్తకాల్లో ఉన్న సూత్రాలను షెడ్డు పిల్లల దాకా తెలుగులో చేర్చడం మన విద్యా వ్యవస్థ ఇంకా బాకీ ఉన్న పని. గువ్వలచెరువు మలుపుల్లో దిగే ప్రతి డ్రైవరూ, ఎదురుగా బస్సులో వచ్చే ప్రతి ప్రయాణికుడూ ఎవరో బిగించిన ఆ రెండు బోల్టుల మీద ప్రాణం పెట్టి ప్రయాణం చేస్తున్నారు. కాబట్టి ఆ పని బాగా తెలిసినవాడికి మనం ఇచ్చే గౌరవమూ, కూలీ రెండూ పెరగాలి.